దాచిన రిపోర్టు

“వనజా! అమ్మకి ఊపిరాడట్లేదు... 108కి ఫోన్ చెయ్యి!”

భర్త హరికృష్ణ కేకకి వనజ ఫోన్ అందుకుంది. అత్తగారు నాగమ్మ పెదవులు నల్లబడ్డాయి. నరసరావుపేట ఆస్పత్రికి అంబులెన్స్ కదలగానే వనజ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఇంట్లో ఎవరికీ తెలియని నిజం ఆమెకొక్కదానికే తెలుసు!

గుంటూరులో క్యాన్సర్‌కి ఆర్నెల్లు మందులెక్కించుకుని బతికి బయటపడింది వనజ. ఆ నీరసం తీరకముందే కరోనా సోకింది. జ్వరం వారానికే తగ్గింది. కానీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: “అందరికీ పదిరోజుల్లో పోయే వైరస్ నీ ఒంట్లో నెలల తరబడి ఉండొచ్చమ్మా. క్యాన్సర్ మందులతో తట్టుకునే శక్తి తగ్గిపోయింది కదా! నీకు బాగానే ఉన్నా పక్కవాళ్ళకి అంటుకుంటుంది. నెగటివ్ వచ్చేదాకా గది దాటొద్దు.”

కరోనా సోకిన ముప్పై ఎనిమిదో రోజున కూడా పాజిటివే అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. తలుపు అవతల ఆరేళ్ళ కూతురు లిఖిత, “ఒక్కసారి ఎత్తుకోవే అమ్మా...” అని వెక్కివెక్కి ఏడుస్తోంది. జ్వరం లేదు, దగ్గు లేదు... ఇంకెక్కడి వైరస్? వనజ మెసేజ్ చెరిపేసింది. “నెగటివ్ వచ్చిందత్తయ్యా!” అంటూ తలుపు తీసింది. నాగమ్మ సంబరపడిపోయి కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలిపి తినిపించింది. లిఖితకి రెండు రోజుల జలుబుతో సరిపోయింది. ఐదో రోజున నాగమ్మకి జ్వరం వచ్చింది...

పదహారు రోజులకి నాగమ్మ సగమై ఇంటికొచ్చింది. అప్పట్నుంచీ గది దాటని వనజ, కిటికీ ఊచలు పట్టుకుని అంతా చెప్పేసింది. “పాపిష్టిదాన్నత్తయ్యా! మిమ్మల్ని నేనే చంపబోయాను!”

హరికృష్ణ బయటికి వెళ్ళిపోయాడు. నాగమ్మ చాలాసేపు ఆయాసపడింది.

“ఆ పిల్ల ఏడుపు నేనూ విన్నాగా... నీ చోట నేనున్నా తలుపు తీసేదాన్నేమో! కానీ నాకొక్కదానికన్నా చెప్పుంటే, మూతికి గుడ్డన్నా కట్టుకునేదాన్ని గదే...”

తిట్టినా బాగుండేది! అనుకుంది వనజ.

అరవై ఏడో రోజున నెగటివ్ వచ్చింది. ఈసారి మెసేజ్ ఉన్న ఫోన్ భర్త చేతికిచ్చి, అతను రెండుసార్లు చదివి తలూపాకే గడప దాటింది. లిఖిత వచ్చి మెడకి చుట్టుకుంది. వరండాలో నాగమ్మ గోడ పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ నడుస్తోంది. వనజ పాపని దించి, వెళ్ళి భయంభయంగా చెయ్యి చాపింది.

నాగమ్మ ఆ చేతివంక కాసేపు చూసింది. తర్వాత తన బరువంతా దానిమీద మోపింది.