తెల్ల చుక్కల బూట్లు

"హలో, బ్లూ చొక్కా! కెమెరా ఆ భుజానికి ఎవరు తగిలించుకోమన్నారండీ?"

అరవై మంది తిరిగి చూశారు. నేనూ తిరిగి చూశాను. నా వెనక గోడ ఉంది.

"గోడని కాదు, మిమ్మల్నే! పోయిన వారం కుడి భుజానికి ఉంది. ఇవాళ ఎడమకి ఎలా వచ్చింది? మధ్యలో భుజం నొప్పెట్టిందా?"

అందరూ నవ్వారు. నేను కెమెరా భుజం మార్చుకున్నాను. అది ఉత్త డబ్బా, లోపల ఏమీ లేదు. మంత్రిగారి ఇంటి ముందు గుమిగూడిన విలేకరుల్లో నేనొక ఫొటోగ్రాఫర్ని. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే ఒక బంగళా మాకు మంత్రిగారి ఇల్లు.

ఆ అమ్మాయి పేరు సోఫియా. కాస్ట్యూమ్ అసిస్టెంట్. ఎవరు ఏ చొక్కా, ఏ వాచీ, ఏ బూట్లు వేసుకున్నారో ఫోన్‌లో ఫొటోలు తీసి దాచడం ఆమె పని. హీరోగారికి తీరిక లేక మా సీను వారానికో రోజు సాగుతోంది. ఈ వారం గేటు బయట అడుగెత్తినవాడు వచ్చే వారం గేటు లోపల అదే బూటుతో అడుగు దించాలి.

ఆమె నన్ను తల నుంచి కాళ్ల దాకా ఫొటో తీసింది.

"ఈ సీన్ అయ్యేదాకా ఇవే బూట్లు. సరేనా?"

తలూపాను.

"మాట రాదా అండీ?"

"వస్తది మేడమ్," అన్నాను. అప్పటికి ఆమె పక్కవాడి ఫొటో తీస్తోంది.

నా పేరు తిరుమలేశ్. మాది జోగిపేట పక్కన ఒక ఊరు. గొర్రెలు కాసిన ఇల్లు. మంద మధ్యలో మెదలకుండా నిలబడటం చిన్నప్పుడే వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో ఆ విద్యకే కూలి దొరికింది. జూనియర్ ఆర్టిస్టు అంటే కనిపిస్తూ కనిపించకుండా ఉండాలి. కెమెరా వైపు చూడొద్దు, చేతులకు ఏదో ఒక పని పెట్టు, పక్కవాడు ఎంత వేగంగా నడిస్తే అంతే నడువు. ఇవి మా పాఠాలు. మిగతా రోజుల్లో అదే సినిమాలో వేరే సీన్లు, అందుకే రోజూ మూడు చొక్కాలు సంచీలో తెచ్చుకోవాలి. పొద్దున పెళ్లివాడు, మధ్యాహ్నం పేషెంటు, సాయంత్రం దారిన పోయేవాడు. బూట్లు మాత్రం ఒకటే జత. గోధుమరంగువి. రూమ్‌కి సున్నం వేస్తుంటే మడమల మీద తెల్ల చుక్కలు పడ్డాయి. ఎంత రుద్దినా పోలేదు.

మరో రోజు నా చొక్కా గుండీ తెగింది. సోఫియా సూదీ దారంతో వచ్చి, "కదలకండి, గుచ్చుకుంటుంది," అని నిలబెట్టే కుట్టింది. నేను ఊపిరి కూడా బిగబట్టాను.

"ఊపిరి పీల్చుకోవచ్చండీ. దానికి పర్మిషన్ ఉంది."

థాంక్స్ చెప్పాలనుకున్నాను. మాట గొంతులోకి వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది. ప్యాకప్ అయ్యాక చెబుదామని గేటు దాకా వెళ్లాను. ఆమె ముందు నడుస్తోంది. చెక్‌పోస్ట్ దాకా వెనకే నడిచాను. మెట్రో ఎక్కింది, ఎక్కాను. అమీర్‌పేటలో మారింది, మారాను. ఎర్రగడ్డలో దిగి మోతీనగర్‌లో తన సందు మలుపు తిరిగింది. అక్కడ ఆగిపోయి వెనక్కి వచ్చాను. నా రూమ్ కృష్ణానగర్‌లో. నాకు మెట్రోతో పనే లేదు.

మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. పన్నెండు రోజులు.

ఆడపిల్ల ఒంటరిగా పోతోంది, వెనక ఒక తోడుంటే మంచిదేగా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమెను అడగలేదు. టోపీ, మాస్కు మాత్రం పెట్టుకునేవాణ్ణి.

ఆమె నడక నాకు కంఠతా వచ్చింది. ఒక బట్టల షోరూమ్ అద్దం ముందు ఆగేది. అందం చూసుకుంటోంది అనుకునేవాణ్ణి. ఊరికే రోడ్డు దాటి, మళ్లీ ఇటు దాటేది. చిలిపితనం అనుకున్నాను. ఒకనాడు జోరున వాన. ఒక స్టేషన్ ముందే, ఈఎస్ఐ దగ్గర దిగిపోయి తడుస్తూ నడిచింది. ఆ రాత్రి రూమ్‌లో దుప్పటి కప్పుకుని, ఈ పిల్లకు వాన అంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయాను.

పదమూడో రోజు టీ బ్రేకులో ఆమే వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"తిరుమలేశ్ గారూ, మీరు ఎక్కువ మాట్లాడరు కదా. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. గుంపులో కనపడకుండా నడవడం ఎలాగో నేర్పుతారా?"

"ఎందుకు మేడమ్?"

ఆమె గొంతు తగ్గించింది. "ఎవడో నా వెంట పడుతున్నాడండీ."

టీ కప్పు కింద పెట్టాను.

"మా చర్చిలో ఆడపిల్లల జాగ్రత్తల గురించి ఒకావిడ వచ్చి చెప్పారు. ఒక మనిషిని ఒకచోట చూస్తే మామూలే. రెండోచోట చూస్తే గుర్తుపెట్టుకో. మూడోచోట కూడా చూస్తే ఇంట్లో చెప్పు, నీలో నువ్వే దాచుకోకు అన్నారు. నేను పరీక్ష పెట్టా. రోడ్డు అటూ ఇటూ దాటా. షోరూమ్ అద్దంలో వెనక్కి చూశా. ఒక స్టేషన్ ముందే దిగిపోయా, వానలో. అయినా ఉన్నాడు. రెండు రోజులు జ్వరంతోనే పనికొచ్చా."

నా కుర్చీ కొంచెం వెనక్కి జరిపాను.

"రోజుకో చొక్కా మారుస్తాడు. టోపీ పెడతాడు, మాస్కు పెడతాడు. ముఖం చూద్దామంటే కాళ్లు వణుకుతాయి. కానీ ఆవిడ ఇంకో మాట చెప్పారు. చొక్కా మార్చినవాడు బూట్లు మార్చడు, కాళ్లు చూడమని. చూశా. గోధుమరంగు బూట్లు. మడమ మీద ఏవో తెల్ల చుక్కలు."

నా కాళ్లు వాటంతట అవే కుర్చీ కిందికి వెళ్లిపోయాయి.

మా మంద మీదికి కుక్క ఎటు నుంచి వస్తోందో గొర్రె చెవులు చూసి చెప్పేవాణ్ణి నేను. పన్నెండు రోజులు ఈ అమ్మాయి భుజాలు బిగుసుకోవడం చూశాను. సిగ్గనుకున్నాను. ఆ కుక్క నేనేనని తోచలేదు.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా.

"అమ్మ ఉద్యోగం మానేయమంటోంది," అంది ఆమె. "ఏలూరు పిన్ని దగ్గరికి పంపేస్తానంటోంది. వచ్చే నెలే మా కాస్ట్యూమ్ పెద్ద హనుమంతన్న నాకు సినిమా యూనియన్ కార్డు రాయిస్తానన్నాడు. మూడేళ్లు కష్టపడ్డానండీ దాని కోసం. మీరు కాస్త తోడు రాగలరా? ఇంటి దాకా?"

నోరు మూసుకున్నాను. తలూపాను. నా జీవితంలో అంత సిగ్గుమాలిన తలూపు ఇంకోటి లేదు.

ఆ సాయంత్రమే బూట్లు విప్పి సంచీలో కుక్కి, చెప్పులు వేసుకున్నాను. ఆమె పక్కన నడిచాను. దారిలో పాఠాలు చెప్పాను. మెరిసే దుపట్టా వద్దు, గుంపు వేగంతో నడవండి, మెట్రోలో తలుపు పక్కనే నిలబడండి. వెంటపడేవాడు ఏం చూసి గుర్తుపడతాడో వాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

"మీకు ఇవన్నీ ఎలా తెలుసండీ?" అని కళ్లు పెద్దవి చేసింది.

చెప్పులు చూసుకున్నాను.

వాడు మళ్లీ కనిపించలేదు. కనిపించేదెలా? అయినా సోఫియా అద్దం ముందు ఆగడం మానలేదు.

"పోయిండు కదా మేడమ్. ఇంక ఫికర్ ఎందుకు?"

"పోలేదండీ. దాక్కున్నాడు. కనిపించినప్పుడే నయం, ఎక్కడున్నాడో తెలిసేది. ఇప్పుడు తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటున్నా."

శుక్రవారం ఆమె అమ్మ ప్రేమకుమారిగారు నన్ను లోపలికి పిలిచారు. టీ, ఉప్మా. తిన్నాక నా నెత్తి మీద చెయ్యి పెట్టారు.

"కళ్లు మూసుకో బాబూ. ప్రభువా, నా బిడ్డకు తోడుగా ఈ మంచి పిల్లాణ్ణి పంపావు. ఇతణ్ణి దీవించు. ఆ వెంటపడిన వెధవ కాళ్లు రెండూ విరగ్గొట్టు తండ్రీ."

"అమ్మా, ప్రార్థనలో వెధవ ఏంటి?" అని సోఫియా నవ్వింది.

"ఆయనకు తెలీదా వాడు వెధవని! ఆమెన్ అను బాబూ."

"ఆమెన్," అన్నాను. మోకాళ్లు నిజంగానే నొప్పెట్టాయి.

సోమవారం పొద్దున్నే చెప్పేద్దామని ఒట్టు పెట్టుకున్నాను. సోమవారం పొద్దున్నే విలేకరుల సీను పెట్టారు. గేటు తెరుచుకోగానే మేమంతా పరుగెత్తాలి. నేను రూమ్మేట్ నల్ల బూట్లు తొడుక్కుని వెళ్లాను. ఆ షాట్ మొత్తం కాళ్ల మీదే తీస్తారని నాకు తెలియదు.

కాస్ట్యూమ్ పెద్ద హనుమంతన్న వరస అంతా చూస్తూ వచ్చి నా దగ్గర ఆగాడు. "ఏందిరా గివి? పోయిన వారం గివేనా?"

"అవే అన్నా."

"జర ఫొటో చూడు సోఫియా. నాకెందుకో అనుమానం కొడుతుంది."

సోఫియా ఫోన్ తీసింది. నా ఫొటో వచ్చింది. నేను పక్కకు తిరిగి, మడమలు కనిపించేలా నిలబడ్డ ఫొటో. రెండు వేళ్లతో కాళ్ల దగ్గర పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"నేనే మేడమ్," అన్నాను.

దొరికాక చెప్పింది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. అయినా ఆ రెండు మాటలే వచ్చాయి.

ఆమె ఫోన్ దించింది. ఒక అడుగు వెనక్కి వేసింది. నా నుంచి. ఆ అడుగు ఇప్పటికీ కళ్లు మూస్తే కనిపిస్తుంది. తర్వాత చాలా మామూలుగా అడిగింది.

"ఆ బూట్లు ఎక్కడున్నాయి?"

"రూమ్‌ల."

"ఇరవై నిమిషాలు. షాట్ ఆగింది. తీసుకురండి."

వెళ్లి వేసుకొచ్చాను. డైరెక్టర్ యాక్షన్ అన్నాడు. ఆ చుక్కలు మానిటర్లో అందరికీ కనిపించేలా పరుగెత్తాను.

ప్యాకప్ అయ్యాక ఆమె బట్టల వ్యాను పక్కన, హనుమంతన్నకు కనిపించేంత దూరంలో నిలబడింది. ఎక్కడ నిలబడాలో ఇప్పుడు ఆమెకు నేను చెప్పనక్కర్లేదు.

"ఎందుకు?"

"గుండీ కుట్టినందుకు థాంక్స్ చెబుదామని."

"పన్నెండు రోజులా?"

"మాట రాలె."

"మాట రాకపోతే కాళ్లు వచ్చాయా? నేను వానలో నడిచిన రోజు నువ్వు చూశావా?"

మొదటిసారి నువ్వు అంది.

"చూసిన."

"చూసి ఏమనుకున్నావ్?"

అబద్ధం చెప్పొచ్చు. అప్పటికే చాలా చెప్పాను.

"నీకు వానంటే ఇష్టమనుకున్న."

ఆమె కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. "భయంతో చచ్చిపోతూ నడిచాను. నీకు అది సినిమాలా కనిపించిందా? తర్వాత నా పక్కనే నడిచావు. మా అమ్మ చేతి ఉప్మా తిన్నావు. చెప్పి ఉంటే ఆ రోజే నిద్రపోయేదాన్ని కదా!"

"తప్పయింది."

"నాకు కాదు. మా అమ్మకు చెప్పు. నేను మెట్రోలో వస్తా. నువ్వు వేరేగా, బస్సులో రా."

వెళ్లాను. బూట్లు వేసుకునే వెళ్లి, గుమ్మం బయటే నిలబడి, ప్రేమకుమారిగారికి మొత్తం చెప్పాను. ఆవిడ చాలాసేపు నా కాళ్ల వైపే చూశారు.

"ఆమెన్ కూడా అన్నావు కదయ్యా," అన్నారు.

"అన్ననమ్మా."

"పో. ఈ సందులోకి రాకు."

తలుపు మూశారు. లోపల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తలుపుకి అడ్డం పెట్టడానికి కాదు, తలుపు దగ్గర్నుంచి దూరంగా లోపలికి ఈడ్చుకెళ్లిన చప్పుడు. ఆ చప్పుడు విన్నాక వెళ్లాను.

సోఫియా ఉద్యోగం మానలేదు. భయపడాల్సినవాడి పేరూ ఊరూ తెలిశాక మాన్పించడం దేనికని వాళ్లమ్మే అన్నారట. కార్డు వచ్చింది. యూనిట్ అంతటికీ లడ్డూలు పంచింది. నా దగ్గరికి వచ్చి ఆగింది.

"ఒక పని చెయ్యాలి నువ్వు."

"చెప్పండి."

"ఇవాళ్టి నుంచి నా ముందు నడువు. చెక్‌పోస్ట్ దాకా. నేను వెనకుంటా. వెనక్కి తిరిగి చూడకూడదు."

"ఎన్ని రోజులు?"

"నన్ను అడిగావా నువ్వు, ఎన్ని రోజులని?"

నడిచాను. మొదటి రోజే తెలిసింది. వీపుకి కళ్లుండవు, కానీ వీపు మొత్తం చూపుల్ని మోస్తుంది. ఆమె దగ్గరగా ఉందా, ఆగిపోయిందా, నవ్వుతోందా, తిడుతోందా, తెలియదు. మెడ బిగుసుకుంది. షోరూమ్ దగ్గరికి రాగానే నా కళ్లు వాటంతటవే అద్దంలోకి వెళ్లాయి. అద్దంలో సోఫియా నన్నే చూస్తోంది. తల దించుకున్నాను. నాకు తెలిసిన మనిషి వెనక ఉంటేనే ఇంత బరువు. ఎవరో తెలియకపోతే ఎంతుంటుందో ఆ రోజు లెక్క తెలిసింది.

చెక్‌పోస్ట్ రాగానే ఆమె నన్ను దాటుకుని మెట్రో మెట్లెక్కేది. ఒక్క మాట ఉండేది కాదు. నేను అక్కడి నుంచే కృష్ణానగర్‌కి మళ్లేవాణ్ణి.

పన్నెండో రోజు వాన పట్టుకుంది. అందరూ చూరుల కిందికి పరుగెత్తారు. నాకు ఆగమని చెప్పలేదు, నడుస్తూనే ఉన్నాను. బూట్లలోకి నీళ్లు. వెనక అడుగుల చప్పుడు వినిపించడం లేదు. ఇక రాదేమో అనుకున్నాను. రాకపోయినా న్యాయమే అనుకున్నాను.

"జర ఆగు!"

నా యాస. ఆమె గొంతు. ఆగాను. తిరగలేదు.

నెత్తి మీద వాన ఆగిపోయింది. గొడుగు.

"తిరిగి చూడొచ్చా?"

"అక్కర్లేదు. పక్కనే ఉన్నా." ఆమె నా కాళ్ల వైపు చూసింది. "పన్నెండు అయ్యాయి. ఇప్పుడు చెప్పు. ఆ రోజు చెప్పాలనుకున్నది."

మాట గొంతులో అడ్డం పడింది. ఈసారి దాన్ని అక్కడే వదిలి నడవలేదు.

"గుండీ కుట్టినందుకు థాంక్స్."

"అంతేనా?"

"ఇంకొకటి ఉంది. కానీ నువ్వు వినాలనుకుంటేనే."

"అడగడం నేర్చుకున్నావే!" అని నవ్వింది. ఆ నవ్వు కోసం ఎదురుచూసే హక్కు నాకు లేదనుకుని రోజులు గడిపాను. "ఆదివారం చెప్పు. అమ్మ రమ్మంది."

"ఏమన్నది?"

"ఆ పిల్లాడి కాళ్లు బాగానే ఉన్నాయా అని అడిగింది. తను చేసిన ప్రార్థన వెనక్కి తీసుకోవాలట, మనిషి ఎదురుగా ఉంటేనే కుదురుతుందట."

గొడుగు చిన్నది. నా ఎడమ భుజం తడుస్తోంది. ఆమె చూసి గొడుగు ఇటు జరిపింది. తన భుజం తడిసింది.

"నీకు వాన ఇష్టం లేదు కదా," అన్నాను.

"ఇవాళ పర్వాలేదులే. మెల్లగా నడువు," అంది.