గుర్తు చూసి కొన్న హీటర్

ధనలక్ష్మి బాత్‌రూమ్‌లో పడి ఉంది. కుడిచెయ్యి బకెట్ అంచు మీద వేలాడుతోంది. బకెట్లో నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి.

2004 జనవరి. గోపాలపట్నం. ఉదయం ఏడు గంటలకు పక్కింటి పోతమ్మ కేక విని జనం పోగయ్యారు. మధ్యాహ్నానికల్లా ధనలక్ష్మి భర్త వరహాలు పోలీస్ స్టేషన్‌లో నేల మీద కూర్చుని ఉన్నాడు.

ఎస్సై వెంకటేష్ లెక్కలో కేసు అప్పుడే ముగిసింది. వరహాలు స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. ముందురోజు సాయంత్రం మొగుడూ పెళ్ళాల గొడవ పోతమ్మ చెవిన పడింది. నీళ్ళలో పెట్టే హీటర్ రాడ్ ప్లగ్ విప్పి చూస్తే, షాక్ కొట్టకుండా కాపాడే ఎర్త్ వైర్ లేదు. కరెంటు పని తెలిసినవాడు వైర్ పీకేశాడు, భార్య చనిపోయింది. అంతే.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గౌరీశ్వరి రిపోర్టు చదివి పక్కన పడేసింది.

"మీకు పని తగ్గించడానికే చంపినట్టున్నాడు, వెంకటేష్," అంది.

వరహాలును ఆమే స్వయంగా ప్రశ్నించింది. గొడవ ఎందుకైంది? తాగి వచ్చాడు కనుక. దాచకుండా చెప్పాడు.

"రాడ్ ఎవరు కొన్నారు?"

"అదే కొన్నాదమ్మా. టీవీలో సెప్పారని, ఐఎస్ఐ గుర్తు సూపించమని అడిగి మరీ కొన్నాది. నాను ముట్టుకోనేదు."

షాపు మెయిన్ రోడ్డు మీదే ఉంది. యజమాని ఉమామహేష్ కుర్చీలోంచి సగమే లేచాడు. పల్లెల నుంచి వచ్చిన జనానికి కరెంటు వస్తువులు వాడటం రాదని, తడిచేతులతో ముట్టుకుని చచ్చి షాపుల మీద పడతారని విసుక్కున్నాడు. అలాంటిదే మరో రాడ్ తీసి లేబుల్ మీద గోరుతో కొట్టి చూపించాడు.

"ఐఎస్ఐ. ఇంకేం కావాలి మేడమ్?"

గౌరీశ్వరి లేబుల్ చూసింది. పక్క అరలో ఉన్న ఇస్త్రీ పెట్టెల లేబుళ్ళూ చూసింది. చేతికి దుమ్మంటింది, కడుక్కోవాలంది. షాపు మేడ మీదే ఉమామహేష్ ఇల్లు. పైకి వెళ్ళి బాత్‌రూమ్‌లో చేతులు కడుక్కుని జీపెక్కింది.

మర్నాడు పొద్దున్నే ఉమామహేష్‌నూ పోతమ్మనూ స్టేషన్‌కు పిలిపించింది. టేబుల్ మీద ధనలక్ష్మిని చంపిన రాడ్ ఉంది. అంతవరకూ ఎక్కడా చిరగని దాని కేబుల్‌ను గౌరీశ్వరే నిలువునా చీల్చింది.

"వెంకటేష్, లోపల ఎన్ని తీగలున్నాయి?"

"రెండు మేడమ్."

"మూడోది వరహాలు పీకేశాడన్నారు. పై తొడుగు చిరగకుండా లోపలి తీగను ఎలా పీకాడు?"

వెంకటేష్ కేబుల్ తొడుగును తిప్పి తిప్పి చూశాడు.

"ఎవరూ పీకలేదు," అంది గౌరీశ్వరి. "తయారైనప్పుడే ఎర్త్ వైర్ లేదు. ప్లగ్‌కి మూడో కాలు అలంకారానికి పెట్టారు."

ఉమామహేష్ ఐఎస్ఐ గుర్తు సంగతి ఎత్తబోయాడు. ఆమె చెయ్యి చూపించి ఆపింది.

"ఆ గుర్తు అందరూ చూశారు. దాని నెత్తిన ఉన్న అంకె ఎవరూ చదవలేదు. 366. అది ఇస్త్రీ పెట్టెల ప్రమాణం. ఈ రాడ్‌కి 368 ఉండాలి. గుర్తు కింద లైసెన్స్ నెంబరుండాలి, అదీ లేదు. ఏదో ఇస్త్రీ పెట్టె మీది గుర్తు దొంగిలించి దీనికి అంటించారు. దొంగతనం కూడా సరిగ్గా చేతకాని వెధవలు."

"నాకేం తెలుసు మేడమ్? సరుకు అలాగే వచ్చింది."

"మీ బాత్‌రూమ్‌లో రాడ్ మీద 368 ఉంది. కింద లైసెన్స్ నెంబరూ ఉంది. షాపు నిండా ఇవే ఉండగా, మీ ఇంటికి మాత్రం అది ఎందుకు తెచ్చుకున్నారు?"

ఉమామహేష్ టేబుల్ మీది రాడ్‌ను పక్కకు నెట్టాడు.

"ఆ మనిషి గుర్తు చూపించమని అడిగింది. మీరు చూపించారు. చదువుకున్నవారు కదా," అంది గౌరీశ్వరి. అతని వంక మళ్ళీ చూడలేదు. లాకప్‌లో పెట్టమని కానిస్టేబుల్‌కు చెప్పింది.

వరహాలుకు ఇదేదీ పట్టినట్టు లేదు. అతను పోతమ్మనే చూస్తున్నాడు. తన మీద సాక్ష్యం చెప్పిన మనిషి.

"పోతమ్మా, మాయావిడి తోటే ఎళ్ళి నువ్వూ అదే కొన్నావు గదా. ఇప్పుడు మీ ఇంటికాడ నీళ్ళు ఎవులు కాత్తన్నారు?"

పోతమ్మ అప్పటికే గుమ్మం వైపు పరిగెత్తుతోంది. "మా పిల్ల ఈశ్వరి," అంది.

గౌరీశ్వరి జీపు పోతమ్మ ఇంటి ముందు ఆగీ ఆగకముందే వరహాలు దూకాడు. వసారాలో మీటరు కింద ఫ్యూజు పీకేశాడు. బాత్‌రూమ్ తలుపు తెరుచుకుంది. భుజాన తువ్వాలు వేసుకుని, బకెట్‌కేసి వంగబోతున్న ఈశ్వరి తలెత్తి చూసింది.

"కరెంటెందుకు తీసేసావు మామా?"

వరహాలు ఫ్యూజు గుప్పిట్లో పట్టుకుని ఆ గడప మీదే కూలబడి, భార్య పోయాక మొదటిసారి ఏడ్చాడు.