దేవుడమ్మ పేర్లు పిలిచిన సాయంత్రం

పాపాయి బంటింగ్‌లో బస్సు దిగేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. మెర్డెకా రోజు దగ్గర పడింది. బజారంతా కొత్త జెండాలు. కాఫీ కొట్టు ముందు చైనా తాత ఒకడు నిచ్చెనెక్కి రంగు కాగితాల తోరణం కడుతున్నాడు. దేశానికి స్వతంత్రం వస్తోందన్న సంబరం అందరి మొహాల్లోనూ ఉంది. ఆ సందడిలో తన కోసం ఒక పెద్దమనిషి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆయన పేరు నారాయణస్వామి. ఊరికి అవతల ఉన్న రబ్బరు తోటలో గుమాస్తా. కిందటి నెల పనిగట్టుకుని తెలుక్ ఆన్సన్ వచ్చి, పాపాయి వాళ్ళింటి అరుగు మీద కూర్చుని, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీ అమ్మ మా తోటలో పాడి ఐదేళ్ళవుతుందమ్మా. ఏటా కృష్ణాష్టమి నాడు అందరం కూర్చుని ఆ కచేరీని తలుచుకుంటాం. ఈసారి దేవుడమ్మ కూతురు మా మధ్యన ఉండాల."

తల్లి పేరు చెబితే పాపాయికి ఒళ్ళు మండుతుంది. దేవుడమ్మ తత్వాలు పాడేది. హార్మోనియం పెట్టె ముందు కూర్చుని గొంతెత్తిందంటే, పగలంతా రబ్బరు పాలు గీసి అలిసిపోయిన కూలీలు కూడా తెల్లవార్లూ కదిలేవారు కాదు. పేరాక్ నుంచి సెలంగూర్ దాకా ఆమె పాట వినని తెలుగు గడప లేదు. అలాంటి మనిషి ఈ తోటకి పాడడానికి వచ్చింది. మళ్ళీ ఇంటికి రాలేదు. మద్దెల వాయించే తంగరాజుతో సింగపూర్ వెళ్ళిపోయిందని కబురొచ్చింది. అప్పటికి పాపాయికి పద్నాలుగేళ్ళు. అమ్మమ్మ పోలమ్మే పెంచింది. కుదిరిన సంబంధం ఒకటి ఆ కబురు విని వెనక్కి పోయింది కూడా.

అయినా పాపాయి ఎందుకొచ్చింది? ఒక్క మాట అడగడానికి. ఆ ఆఖరి కచేరీలో అమ్మ మొహం ఎలా ఉందో, కన్నబిడ్డని వదిలేసి పోయే ఆలోచన ఆ మొహంలో కనబడిందో లేదో, చూసినవాళ్ళ నోట వినాలని వచ్చింది.

తోట చేరేసరికి మళ్ళీ మబ్బు పట్టింది. రబ్బరు చెట్ల కింద పగలే చీకటిగా ఉంది. పులిసిన పాల కంపు, పొగ గదిలో ఆరేసిన రబ్బరు షీట్ల వాసన, తడిసిన ఆకుల వాసన కలిసి గొంతులో అడ్డం పడుతున్నాయి. కూలీల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె ఇంకా అలాగే ఉంది. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సైన్యం తిరిగిన ఎమర్జెన్సీ రోజుల్లో వేసిన కంచె అది. చీకటి పడితే కర్ఫ్యూ. గేటు పడితే తెల్లారేదాకా తీసేవారు కాదు. ఈ మధ్యే ఈ దిక్కున కర్ఫ్యూ ఎత్తేశారు. ఇప్పుడు గేటు బార్లా తీసి ఉంది.

గుడి పక్కన రేకుల షెడ్డులో చాపలు పరిచారు. తోటలో తెలుగువాళ్ళంతా వచ్చినట్టున్నారు. పాపాయి మెడలో మల్లెదండ వేశారు. ఆమె ఒక్కదానికే కుర్చీ వేశారు. ఆ కుర్చీ గేటుకి ఎదురుగా ఉంది. మిగిలినవాళ్ళంతా గేటుకి వీపు పెట్టి కూర్చున్నారు.

పెట్రోమాక్స్ లైటు వెలిగించారు. కచేరీని తలుచుకోవడం మొదలైంది.

"లారీ మీదే కదా స్టేజీ!" అన్నాడు నారాయణస్వామి. "కంచె బయట బడి మైదానంలో లారీ పెట్టి, వెనక తలుపు దింపి, దాని మీద దుప్పటి పరిచినాం. తెల్లచీర కట్టుకుని ఎక్కినాది. అంతమంది జనం... ఒక్క బిడ్డ ఏడిస్తే ఒట్టు."

"ముందుగాల అందరి పేర్లూ అడిగినాది," అంది చిన్నతల్లి. నడివయసు మనిషి, పాలు గీసే పనిలో వేళ్ళు నల్లబడిపోయాయి. "అడిగి, ఆ పేర్లన్నీ పాటలో ఎట్టేసినాది. 'ఇల్లు మాటాడతంటే ఇంట్లో ఎవరే చిన్నతల్లీ, ఇంట్లో ఎవరే' అని నా పేరెట్టి పాడినాది. నాకు ఒళ్ళు జలదరించిపోనాది తల్లీ."

"నా పేరు కూడా," అన్నాడొకాయన వెనక నుంచి. "నాదీ," అంది ఇంకొకామె. "నాది రెండు మాట్లు."

పొగడ్తలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. ఏ పాట తర్వాత ఏ పాట పాడిందో, ఎక్కడ కళ్ళు మూసుకుందో, ఎక్కడ హార్మోనియం ఆపి ఒట్టి గొంతుతో పాడిందో, అన్నీ చెప్పారు. వింటూ వింటూ పాపాయి మనసు మెత్తబడింది. తను పుట్టాక అమ్మ గురించి ఇన్ని మంచి మాటలు ఒక్కచోట వినలేదు. కానీ ఒకటి గమనించింది. ఎవరూ ఆగడం లేదు. ఒకరి మాట అయిపోతుంటే పక్కవాళ్ళు గబుక్కున అందుకుంటున్నారు. నవ్వుతూనే చెబుతున్నారు గానీ నుదుటి మీద చెమట. మాట మధ్యలో వెనక్కి, గేటు వైపు చెవి పెడుతున్నారు.

"పాట అయిపోయాక ఏమైంది?" అని అడిగింది పాపాయి.

షెడ్డులో మాట ఆగిపోయింది.

పైన రేకుల మీద వాన మొదలైంది. ముందు చినుకు చినుకుగా... తర్వాత జోరుగా.

"పొగడండి," అన్నాడు నారాయణస్వామి కంగారుగా. "ఎవరో ఒకరు... ఆపకండి."



అప్పుడు వినబడింది. వాన చప్పుడు వెనకాల, గేటు అవతల నుంచి, సన్నగా ఒక ఆడగొంతు. పాట కాదు. కానీ రాగం ఉంది.

"నారాయణస్వామీ... గేటు తియ్యండి బాబూ... నేనే..."

పాపాయి కుర్చీ అంచుకి జరిగింది. ఐదేళ్ళయింది ఆ గొంతు విని. ఐదేళ్ళు కాదు, యాభై ఏళ్ళయినా పోల్చుకుంటుంది.

"అమ్మ!" అని లేవబోయింది. చిన్నతల్లి పాకుతూ వచ్చి ఆమె కాళ్ళు పట్టుకుంది.

"కూకో తల్లీ, కూకో... లెగకు," అని గుసగుసగా అంది. "ఏటేటా వస్తాది. ఈ రోజే వస్తాది. కచేరీని పొగుడుతున్నంతసేపూ ఇంటాది. ఆపితే పేర్లు పిలుస్తాది."

"మా అమ్మ సింగపూర్‌లో..."

"లేదమ్మా." చిన్నతల్లి ఆమె కాళ్ళని ఇంకా గట్టిగా పట్టుకుంది. "సింగపూర్ లేదు, ఏటీ లేదు. తంగరాజు ముందే క్లాంగ్ ఎల్లిపోనాడు. ఆడికీ ఏటీ తెలీదు. పాట సాగిపోయి పొద్దు చూసుకోలేదు. కర్ఫ్యూ సైరను కూసీసినాది. అందరం ఒక్కసారే లోపలికి పరిగెట్టీసినాం. మీయమ్మ పెట్టె సర్దుకుంటా ఎనకబడిపోనాది. గేటు పడిపోనాది."

"తాళం ఎవరి దగ్గరుంది?"

చిన్నతల్లి చూపు పక్కకి తిరిగింది. స్తంభాన్ని ఆనుకుని ముసలివాడొకడు కూర్చున్నాడు. తాతబాబు, అప్పట్లో గేటు కాపలావాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఊగుతున్నాడు.

"తాతబాబూ..." అంది బయటి గొంతు. ఇప్పుడు కాస్త దగ్గరగా. "తాళం నీ దగ్గరే కదా... తియ్యి నాయనా... చీకటి పడిపోతంది..."

"ఇలాగే పిలిచినాది," అన్నాడు తాతబాబు తలెత్తకుండానే. "ఒక్కొక్కరినీ పేరెట్టి పిలిచినాది. అందరి పేర్లూ నేర్చుకున్నాది కదా. ఎవులం పలకలేదు. తలుపులేసుకుని దీపాలు ఆర్పీసినాం. గేటు తీస్తే నన్ను కాలుస్తారనుకున్నాను. తర్వాత... తుపాకీ పేలినాది. ఎవులు పేల్చినారో తెల్దు. తెల్లారితే కంచె కాడ పడున్నాది."

"ఏం చేశారు మా అమ్మని?"

"పొద్దున్న హాజరు పిలవకముందే తోటలో కప్పెట్టీసినాం. ఎవరికైనా తెలిస్తే సైన్యమోళ్ళు తోటంతటికీ రేషను బియ్యం ఆపేస్తారని బెదిరిపోనాం," అన్నాడు తాతబాబు.

"మరి తంగరాజు కథ?"

అందరి తలలూ నారాయణస్వామి వైపు తిరిగాయి. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

"మీవాళ్ళు వెతుక్కుంటా రాకూడదని..." అన్నాడు మెల్లిగా. "ఆ మాట అంటే ఎవరూ రారని..."

ఐదేళ్ళు. ఐదేళ్ళ పాటు రోజూ తిట్టుకుంది తల్లిని. పటం గోడ మీద నుంచి తీసి పొయ్యిలో పెట్టింది. మెడలో మల్లెదండ తడి తాడులా బరువుగా ఉంది. తుంచి కింద పడేసింది.

"నన్నెందుకు పిలిచారు?"

"గేటు తీసేసినారమ్మా," అంది చిన్నతల్లి ఏడుస్తూ. "ఇన్నేళ్ళూ గేటు మూసుండేది, బయటే నిలబడి పిలిచీది. మెర్డెకా అని గేటు తీసేసినారు. ఇప్పుడు లోపలికొచ్చీస్తాది. కూతురు పలికితే, కూతుర్ని తీసుకుని మమ్మల్ని ఒగ్గేస్తాదని... పెద్దలు అనుకున్నారు. ఒక్కపాలి 'ఓయ్' అను తల్లీ. నీ కాళ్ళకి మొక్కుతాను. ఇంటి నిండా పిల్లలున్నారు..."

అదీ సంగతి. అందుకు గొడుగు, అందుకు మల్లెదండ, అందుకు కుర్చీ.

"చిన్నతల్లీ..." అంది గొంతు.

చిన్నతల్లి రెండు చెవులూ మూసుకుని బోర్లా పడిపోయింది.

తర్వాత ఒక పేరు. ఇంకో పేరు. షెడ్డులో ఉన్నవాళ్ళ పేర్లన్నీ... ఒక్కటీ తప్పకుండా... లాలి పాడినంత మెల్లిగా. పిలిచిన ప్రతి పేరుకీ ఎవరో ఒకరు నోట్లో గుడ్డ కుక్కుకుంటున్నారు. లైటు సన్నబడింది. తడి మట్టి వాసన గుప్పుమంది. ఎంత దగ్గరగా ఉందంటే... గొంతు ఇక గేటు దగ్గర లేదు. షెడ్డు మెట్ల దగ్గర ఉంది. కాదు... ఇంకా దగ్గర.

పాపాయి లేచి నిలబడింది. భయం కన్నా పెద్దదేదో ఆమె కడుపులోంచి పైకి వచ్చింది.

"నేను పలకను," అంది. "పిలిచింది మిమ్మల్ని. మీరే పలకండి."

గేటు వైపు చూస్తూ గట్టిగా అంది. "అమ్మా! గేటు తీసే ఉంది. లోపలికి రా. అందరూ ఇక్కడే ఉన్నారు."

షెడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ తర్వాత వాన తప్ప ఏ చప్పుడూ లేదు. పేర్లు ఆగిపోయాయి. గేటు దగ్గర ఎవరూ లేరు. మెట్ల మీద ఎవరూ లేరు.

పాపాయి షెడ్డులోకి చూపు తిప్పింది. అందరి కళ్ళూ పెద్దవైపోయి ఉన్నాయి. కానీ ఒక్కరూ గేటు వైపు చూడడం లేదు. ఆమెనే చూస్తున్నారు. కుర్చీకి దూరంగా, గోడకి ఆనుకుని, ఒకరి మీద ఒకరు పడి ఆమె మొహాన్నే చూస్తున్నారు. పాపాయి గొంతు మండుతోంది, చాలాసేపు పాడినట్టు.

పాపాయి షెడ్డు దిగి వెళ్ళిపోతుంటే ఎవరూ ఆపలేదు. వానలో తడుస్తూ బంటింగ్ దాకా నడిచి ఆఖరి బస్సు పట్టుకుంది. క్లాంగ్‌లో ఎరిగినవాళ్ళింట్లో తలదాచుకుని, మర్నాడు సాయంత్రానికి తెలుక్ ఆన్సన్ చేరింది.

పోలమ్మ చేట ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. పాపాయి ఆమె ఒళ్ళో తల పెట్టి మొత్తం చెప్పింది. గేటు, తాళం, తుపాకీ, తంగరాజు పేరు చెప్పి కట్టిన కథ, అన్నీ. ముసలామె ఏడవలేదు. చేటలో చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"పేరెట్టి పిలిస్తే ఒక్కరూ తియ్యలేదంట," అంది పాపాయి. "అంతమందిలో ఒక్కరూ..."

"నానూ తియ్యలేదు," అంది పోలమ్మ.

పాపాయి తల ఎత్తింది.

"ఆ అష్టమి రేత్రి ఇక్కడికీ వచ్చినాది. తలుపు కొట్టినాది. 'అమ్మా, నేనే' అన్నాది. బంటింగ్‌లో ఉండాల్సిన మనిషి కర్ఫ్యూలో ఇక్కడికెలా వచ్చినాదని నాకు కాళ్ళు చల్లబడిపోనాయి. అది నా బిడ్డే. కానీ మనిషి కాదని తెలిసిపోనాది. తియ్యలేదు. నాలుగు రోజులకి ఆ సింగపూర్ కబురొస్తే, అబద్ధమని తెలిసీ నోరు మూసుకున్నాను."

"నువ్వు కూడానా!" పాపాయి గొంతు పగిలిపోయింది. "నాకు చెప్పలేదు. ఇన్నేళ్ళు పక్కనే ఉండి, నేను తిడుతుంటే వింటూ కూర్చున్నావు. నువ్వు కూడా తలుపు మూసేసినావు కదమ్మా!"

"నాను తియ్యలేదన్నాను," అంది పోలమ్మ. చేట పక్కన పెట్టి, కూర్చున్న చోటే మెల్లగా వెనక్కి జరిగింది. "నువ్వు తీసినావు. పక్కలోంచి లేచెల్లి గడియ తీసి, కాసేపు నిలబడి, మళ్ళీ ఏసి పడుకున్నావు. పొద్దున్న నన్ను 'అమ్మా' అని లేపినావు. అంతకుముందు నన్నెప్పుడూ అలా పిలవలేదు. ఆ రోజు నుంచీ ఇంకోలాగ పిలవలేదు."

అబద్ధం, అనుకుంది పాపాయి. 'అమ్మమ్మా' అనబోయింది.

నోరు తెరిచింది. 'అమ్మా' దాకానే వచ్చింది.