కొమురవ్వ తెచ్చిన బంగారు తంగేడు

పూర్వం గట్లసీమ అనే రాజ్యం మీద ఒక మాంత్రికుడు కక్షగట్టి మాయధూళి విసిరాడు. అది తగిలినవాళ్లంతా నిలుచున్నచోటే రాళ్లైపోయారు. రాకుమారుడూ రాయే, తండ్రి లేని పిల్ల కొమురవ్వ తల్లీ రాయే. బంగారు తంగేడు పూలు తాకిస్తే అందరూ లేస్తారని ఒక ముని చెప్పాడు. ఆ పొదను పెంచి పూయించినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటించాడు. కొమురవ్వకు రాజ్యమెందుకు? అమ్మ లేస్తే చాలు.

ఆమెకు తోడుగా మేనబావ సాయన్న బయలుదేరాడు. మాఘంలో వాళ్లిద్దరికీ పెళ్లి. కొండచిలువల అడవి దాటి, మంటల వాగు దాటి, ఆ పొదకు రాక్షసి కాపలా కాసే లోతైన గుంట దగ్గరికి చేరారు. బావ తాడు పట్టుకోగా కొమురవ్వ దిగింది. రాక్షసి గుర్రుపెడుతుండగా పొద నుంచి ఎండుకాయలు కోసి, మూటగట్టి పైకి పంపింది.

"బావా, ఇగ నన్ను గుంజు."

తాడు తెగి ఆమె కాళ్ల దగ్గర పడింది. పైన సాయన్న పరుగెత్తే చప్పుడు. ఆహా, ఏం బావ! తడిగుడ్డతో గొంతు కోశాడు. కొమురవ్వకు చావంటే భయం వేయలేదు. చిన్ననాటి నుంచి ఒక్క పళ్లెంలో తిన్నవాడు ఇంత పని చేశాడే అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపుకు రాక్షసి లేచింది. మింగబోయి, సంగతి విని ఆగిపోయింది.

"నన్ను గూడ మా అన్న గిట్లనే దించిపోయిండు. ఇప్పుడే వస్తనన్నడు" అంది.

పొదకు మిగిలిన ఒక్క కాయా తెంపి ఇచ్చింది. గింజను రాతికి రుద్ది వేడినీళ్లలో నానేయాలనీ, దీనికి ఎరువు పడదనీ, మట్టి ఎండితేనే నీళ్లు పోయాలనీ చెప్పింది. మోసంతో ఎత్తుకుపోయి నాటినవాడు రాయవుతాడని కూడా చెప్పి, ఆమెను భుజాన ఎక్కించుకుని గట్టు చేర్చింది.

అప్పటికే సాయన్న రాజుగారి తోటలో మడి కట్టి, ఎరువు దట్టించి, పూటపూటా పాలు పోశాడు. గింజలు కుళ్లిపోయాయి. చెంబు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే రాయైపోయాడు.

కొమురవ్వ తన పెరట్లో ఎర్రటి గరుకుమట్టితో మడి కట్టింది. ఎరువు వేయని పిచ్చిదని ఇరుగుపొరుగు నవ్వారు. నవ్వనీ! మరుసటి వానలకు పొద నిండా పసుపుపచ్చటి పూలు పూశాయి. తొలి పువ్వు చెంపకు తాకగానే తల్లి కళ్లు తెరిచి, "ఇంత చిక్కిపోయినవేంది బిడ్డా?" అంది.

ఆ పూలతోనే రాకుమారుడూ, ఊళ్లవాళ్లూ లేచారు. రాజు అర్ధరాజ్యం ఇస్తే కొమురవ్వ కాదనలేదు, ఎందుకంటుంది?

అప్పుడు మేనత్త వచ్చి కొడుకు కోసం కాళ్ల మీద పడింది. కొమురవ్వ ఒక పువ్వు తీసుకుని రాజుగారి తోటకు వెళ్లింది. లేచిన సాయన్న సిగ్గు లేకుండా పెళ్లి ముహూర్తం ఎప్పుడని అడిగాడు.

"అత్త ఏడుస్తుంటే చూడలేక లేపిన. నిన్ను మన్నించిన అనుకోకు, బావా" అని కొమురవ్వ తల్లి చెయ్యి పట్టుకుని కోటకు నడిచింది.

తర్వాత ఎన్నో ఏళ్లు చల్లగా రాజ్యమేలింది. ఎవరైనా బావ పేరెత్తితే మాత్రం లేచి తోటలోకి వెళ్లిపోయేది.