ఉరుము సారూ, పెద్దవలా

బడి గంట ఖంగుమని మోగింది. సముద్రం ఒడ్డుదాకా వినిపించింది.

"ఓలమ్మో! గంట కొట్టీసారు!" అంది మహాలక్ష్మి. ఆమె చేతిలో పెద్దవల తాడుంది.

పెద్దవల అంటే మాటలు కాదు. పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వేస్తారు. తర్వాత రెండు తాళ్ళూ పట్టుకుని ఊరంతా ఒడ్డుమీద నిలబడి లాగాలి. వల అలల్లోకి వచ్చాక చెయ్యి తియ్యకూడదు. పట్టు సడలిందా, చేపలు జారిపోతాయి. మరీ తప్పకపోతే తాడు ఇంకొకరి చేతికిచ్చి వెళ్ళాలి.

"తాడు ఒగ్గకండర్రా!" అని ముందునుంచి నాన్న పోలారావు కేకేశాడు.

పక్కింటి బిందు అప్పుడే బ్యాగు తగిలించుకుని బడికి వెళ్తోంది.

"ఒలే బిందూ, నా తాడు అట్టుకోవే! లేటయితే ఉరుము సారు సంపేత్తాడు!"

మరి బిందు లేటయితే మాత్రం సారు ముద్దు చేస్తారా? ఆ ఆలోచన మహాలక్ష్మికి రానేలేదు. బిందు బ్యాగు కింద పెట్టి తాడు పట్టుకుంది. మహాలక్ష్మి ఒకటే పరుగు.

ఉరుము సారంటే ఐదో తరగతి ఢిల్లీశ్వరరావు సారు. కర్ర పట్టరు, చెయ్యెత్తరు. ఆ గొంతే చాలు! ఆయన "ఊఁ?" అంటే వరండాలో పడుకున్న కుక్క కూడా లేచి వేరే వీధి చూసుకుంటుంది.

వల ఒడ్డెక్కాక బిందు రొప్పుకుంటూ తరగతికి వచ్చింది.

"ఇప్పుడా తెల్లారింది?" సారు ఉరిమారు. "నిద్రపోయావా?"

బిందు బ్యాగు పట్టీ నలుపుతూ నిలబడిపోయింది. సారు మహాలక్ష్మి వైపు తిరిగారు.

"మీ ఇళ్ళు పక్కపక్కనేగా, నువ్వు చెప్పు. నిద్రేనా?"

మహాలక్ష్మి గబుక్కున అవునన్నట్టు తలూపేసింది.

"శనివారం సంతబొమ్మాళిలో ఖోఖో పోటీకి నువ్వు రానక్కర్లేదు. కూర్చో!" అన్నారు సారు బిందుతో.

పాపం బిందు! ఖోఖోలో ఆ పిల్లని ముట్టుకోగలిగినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. నిద్రలో కూడా "ఖో" అని కలవరిస్తుందట. ఇప్పుడేమో తల దించుకుని కూర్చుంది. మహాలక్ష్మిని ఒక్క మాటైనా అనలేదు. తిట్టినా బాగుండును!

మధ్యాహ్నం భోజనంలో మహాలక్ష్మి తన గుడ్డు తీసి బిందు పళ్ళెంలో పెట్టింది. బిందు తిరిగి ఇచ్చేసింది.

"నీ గుడ్డు నాకెందుకే? సారుకి నిజం సెప్పు."

"బయమే!"

"నాకూ బయమేనే. అందుకే నోరు పెగల్లేదు. నువ్వూ సెప్పకపోతే మరింక నాకు ఖోఖో లేదు."

మహాలక్ష్మి గుడ్డు తినకుండానే లేచింది.

లెక్కల క్లాసు మధ్యలో ఆమె లేచి నిలబడింది. బల్ల గట్టిగా పట్టుకుంది.

"ఏమిటి?" అన్నారు సారు.

"సార్, బిందు నిద్రపోలేదండి. నానే నా తాడు దాని సేతిలో ఎట్టీసి పారొచ్చీసాను. అది వల లాగి వచ్చింది. నాను అబద్ధంగా తలూపీసాను."

"పొద్దునే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అలాగ అరిస్తే ఎలాగ సెప్తామండీ!"

అనేశాక తన నోరు తనే మూసుకుంది. సారు మీసం కదిలింది.

"నేనంటే మీకు అంత భయమా?"

"అవునండీ!" తరగతంతా ఒక్కసారిగా అరిచింది.

సారు ఉలిక్కిపడి చేతిలో సుద్దముక్క జారవిడిచారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వూ ఉరుమే లెండి! పిల్లలు ముందు జడుసుకుని, ఆనక పకపకా నవ్వేశారు.

"బిందూ, నిన్ను చెప్పనివ్వలేదు. తప్పు నాదమ్మా. శనివారం నువ్వు ఆడాలి" అన్నారు సారు. "మహాలక్ష్మీ, అబద్ధానికి నువ్వు ఈ వారమంతా బోర్డు తుడువు."

"అలాగేనండి!"

శిక్షకి అంత సంబరపడిన పిల్లని సారు ఎన్నడూ చూడలేదు.

శనివారం పోటీలో బిందు ఎవరికీ చిక్కలేదు.

తర్వాత వారంలో ఒకరోజు వల మళ్ళీ ఆలస్యమైంది. గంట మోగింది.

"నాను అట్టుకుంతాను. నువ్వెల్లిపో" అంది బిందు.

"నానెల్లను" అంది మహాలక్ష్మి.

వల ఒడ్డెక్కేదాకా ఇద్దరూ లాగారు. తర్వాత బడికి పరుగో పరుగు. గేటు దగ్గర సారు నిలబడి ఉన్నారు.

"ఏమిటీ ఆలస్యం?"

మహాలక్ష్మికి ఇంకా కొంచెం భయమే. అయినా తల దించలేదు.

"వల బరువుగా వచ్చిందండి. మద్దిలో ఒగ్గలేకపోనాం. ఇద్దరం లాగేమండి."

"ఏం పడ్డాయి?"

"కవళ్ళ చేపలండి! బుట్టలకి బుట్టలు!"

"మరి నా వాటా ఏదీ?" అని గేటు తీస్తూ ఉరిమారు సారు.

"లాగినోళ్ళకే వాటా సార్!" అంది మహాలక్ష్మి నవ్వుతూ. "రేపొచ్చి తాడట్టుకోండి!"