ఎనిమిదేండ్లు పలకని పేరు

అంగడి నుండి తిరిగొచ్చిన అమృతమ్మ నెత్తిన గంప దింపనైనా దింపకుండా గడపలోనే కూలబడింది. "నా పైసలు లేవంట అత్తమ్మా... అమృతమ్మ అనే పేరే టపా పుస్తకంల లేదంట..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో దాచవలసిన మాటే జారిపోయిందని ఆ పిచ్చితల్లికి తెలియనే లేదు. అత్త జోగులమ్మ చేతిలోని చేట కింద పెట్టి, "ఏం పైసలు?" అంది.

అయిదేళ్ళ గుట్టు అట్లా ఒక్క మాటతో బయటపడింది. అమృతమ్మ వడ్డేపల్లి షావుకార్లకు పల్లికాయలు ఒలిచేది. బొటనవేళ్ళు పుండ్లు పడేదాకా ఒలిచి, ఆ కూలి డబ్బులు అంగడి ఊళ్ళో తపాలా కచేరిలో దాచుకుంటూ వచ్చింది. ఎనభై హాలీ రూపాయలు, నిజాం సర్కారువి! ఎందుకు దాస్తున్నదో మొగుడు దేవరాజుకు కూడా చెప్పలేదు. పాసుపుస్తకం పెట్టె అడుగున పెడితే మొన్నటి వానలకు చెదలు పట్టి మన్నయిపోయింది. ఇన్నాళ్ళూ డబ్బు తీసుకున్న ముసలి మున్షీ పింఛను పుచ్చుకుని వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చినాయన పుస్తకం రెండుసార్లు తిరగేసి, ఆ పేరున ఖాతాయే లేదు పొమ్మన్నాడు.

జోగులమ్మ కోపం అలాంటిలాంటి కోపం కాదు. "నా ఇంట్ల ఉండుకుంట నాకే తెల్వకుండ దాస్తవా? తల్లిగారింటికి మోసేతందుకేనా?" అని ఆ పూటే మూడు రాళ్ళు తెచ్చి వేరే పొయ్యి పెట్టుకుంది. కోడలి చేతి గటక ముట్టనంది. దేవరాజు ఇద్దరికీ నచ్చజెప్పలేక రెండు పొయ్యిల దగ్గరా తిని కడుపునొప్పి తెచ్చుకున్నాడు, పాపం. అయినా పెండ్లాం కన్నీళ్ళు చూడలేక గద్వాల అదాలత్‌లో అర్జీ వేయించాడు.

వాయిదా రోజున బండి కట్టగానే అందరికన్నా ముందు జోగులమ్మ ఎక్కి కూర్చుంది. "నువ్వెందుకు అవ్వా?" అన్నాడు కొడుకు. "దీని అబద్ధం నలుగురిల తేలేది కండ్లార చూస్త" అంది. ఒళ్ళో పెట్టుకున్న సజ్జరొట్టెల మూట మాత్రం ముగ్గురికీ సరిపడా ఉంది.

మున్సిఫ్ సాహెబు నెమ్మదైన మనిషి. "భయపడకు బిడ్డా. పైసలు దేనికోసం దాచినవ్?" అని అడిగారు.

అమృతమ్మ తల వంచుకుంది. "తొలి కాన్పుల నాకు పానం మీదికొచ్చింది సర్కార్. మా అత్తమ్మ తన ఎండి దండకడియాలు షావుకారుకాడ కుదువ పెట్టి నన్ను కర్నూలు దవాఖానకు పట్కపోయింది. గప్పటిసంది ఆమె జబ్బలు బోడిగనే ఉన్నయి. దసరాతోని గడువు తీరుతది, కరిగిస్తనంటుండు షావుకారు. చెప్తే వద్దంటదని..."

తలుపు దగ్గర కూర్చున్న జోగులమ్మ చేయి దానంతటదే పోయి బోసి జబ్బను తడుముకుంది. అయ్యో, ఇరవై రోజులుగా తాను మాటలతో పొడిచింది ఈ పిల్లనా? ఆమెకు కండ్లు మసకబారాయి.

"ఖాతా ఎవరు తెరిపించిన్రు?" అన్నారు సాహెబు.

"మా నాయిన లింగయ్య. నేను బాలింతగ ఉన్నప్పుడు ఒడిబియ్యంల పెట్టిన రూపాయలు ఏపిచ్చిండు. అన్ని నాయినే చెప్పిండు, నేను ఏలిముద్ర ఏసిన, గంతే. మరుసటేడు నాయిన పోయిండు. పాత మున్షీ తాతకు నా మొకం ఎరికె, ఎన్నడు పేరు అడగలే."

కొత్త మున్షీ గబగబా పుస్తకం తిప్పాడు. "హుజూర్, లింగయ్య బిడ్డ అని ఒక ఖాతా ఉన్నది. కాని పేరు అమృతమ్మ కాదు."

సాహెబు పుస్తకం తన ముందుకు లాక్కున్నారు. "తల్లిగారింట్ల నీ పేరేంది బిడ్డా? నేను చెప్పొద్దు, నువ్వే చెప్పాలె."

అప్పుడు తెలిసింది అమృతమ్మకు. నాయిన తనకు అలవాటైన పేరే రాయించాడు! పెళ్ళినాడు ఆ పేరు తీసేశారు కదా... అత్త పేరూ కోడలి పేరూ ఒకటే కావడంతో, కోడలిని కసిరినా అత్తను కసిరినట్టే అవుతుందని పెద్దలు అమృతమ్మ అని మార్చారు. ఎనిమిదేండ్లలో ఆ సంగతి ఇంట్లో అందరూ మరచిపోయారు, తాను కూడా. ఇప్పుడు ఒక్కసారి పలికితే ఎనభై రూపాయలూ చేతికొస్తాయి. కాని అత్త పేరు, అత్త ఎదుటే, కోడలు ఎట్లా పలుకుతుంది? తలుపువైపు ఒకసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పకుంటే అర్జీ కొట్టేయాల్సొస్తది."

"కొట్టెయ్యిన్రి సర్కార్... ఆ పేరు నా నోట రాదు."

"రాకుంటే నేను చెప్త" అంటూ జోగులమ్మ లేచింది. "దాని పేరు జోగులమ్మ సర్కార్. నా పేరు గూడ గదే. నేను ఈడ కూసున్ననని నోరు కట్టుకున్నది. నా కోసం పైసలు కూడబెట్టి, మల్ల నా కోసమే పోగొట్టుకుంటదంట. జర దీని తెలివి చూడున్రి."

సాహెబు నవ్వు ఆపుకోలేకపోయారు. అమృతమ్మ వేలిముద్ర వేయించి, పాత ముద్ర పక్కన పెట్టి భూతద్దంతో చాలాసేపు చూశారు. పల్లికాయలకు అరిగిపోయినా ముద్ర అదే. తల ఊపి, డబ్బు ఇచ్చేయమని హుకుం రాశారు.

తరువాతి అంగడినాడే కడియాలు ఇంటికొచ్చాయి. జోగులమ్మ ఒకటి తాను తొడుక్కుని, రెండోది కోడలి జబ్బకు ఎక్కించింది.

"జత ఇడదీస్తవా అత్తమ్మా?"

"నా పేరు కోసం నీ పేరే ఇడిసినవ్. ఒక్క కడెం ఇస్తే నాకేం తక్కువైతది?" అని, కొత్త పొయ్యి రాళ్ళు మూడూ తీసి వాకిట్లో పారేసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కాసేపు హాయిగా ఏడ్చారు.

"ఇగ నుంచి దాన్ని దాని పేరుతోనే పిలుస్త" అంది జోగులమ్మ.

"మరి నేనేమని పిల్వాలె అవ్వా?" అని దేవరాజు కంగారు పడ్డాడు.

"నువ్వెన్నడు పేరు పెట్టి పిల్చినవ్రా? 'ఇగో' అనుడే గద."

పొద్దు వాలే వేళకు అమృతమ్మ వంటింట్లో ఉండగా అరుగు మీదినుండి అత్త గొంతు వినిపించింది. "జోగులమ్మా... జర గటక పెట్టు బిడ్డా, ఆకలైతుంది."

అత్తను ఎవరు పిలుస్తున్నారా అని అమృతమ్మ గుమ్మంలోకి వచ్చి అటూ ఇటూ చూసింది. అరుగు మీద అత్త ఒక్కతే కూర్చుని, తనవైపే చూస్తూ నవ్వుతోంది.

"వస్తున్న అత్తమ్మా" అంది జోగులమ్మ.