కొమురెల్లి ఒత్తిన బాణం

మంచిర్యాల దాటాక, మూతబడ్డ బొగ్గుబాయి పక్కన పాత కంపెనీ క్వార్టర్లున్నాయి. వాటిలో ఆఖరి వరస, ఆఖరి క్వార్టర్ పేరెత్తితే ఇప్పటికీ మనుషులు మాట మార్చేస్తారు. అందులో ఉండే కొమురెల్లి కిందటి ఎండాకాలం కామెర్లతో పోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. కానీ పొద్దు గుంకితే... కిటికీలో వెలుగు. బల్బు వెలుగు కాదు, దీపం వెలుగూ కాదు. నీలంగా, వణుకుతూ, కాసేపుండి ఆరిపోతుంది.

వాచ్‌మన్ మల్లేష్ ఆ వరసకు పోవడమే మానేశాడు. "నాకిచ్చే జీతం దొంగలకే, దయ్యాలకు గాదు" అని తేల్చి చెప్పాడు.

ఇక సంపత్ సంగతి. ఈ కథంతా అతని నెత్తిన పడిందే, నలుగురూ చెప్పుకోగా నేను విన్నదే.

సంపత్‌కు మంచిర్యాలలో జిరాక్స్ దుకాణం. పగలు ఊరందరి ఆధార్ కార్డులు జిరాక్స్ తీస్తాడు, సందు దొరికితే దయ్యం కథలు రాస్తాడు. రాసినవి 'గవ్వ'లో పెడతాడు. గవ్వ అంటే ఫోన్లో ఉండే రచ్చబండ. మనం పెట్టినదాని కింద ఎవరైనా పైకి చూసే బాణం గుర్తు ఒత్తితే మన ఖాతాలో గవ్వలు పడతాయి. అవి క్రిప్టో పైసలు. బజార్లో నడవవు, జేబులో మోగవు. "వాటికి చాయ్ అస్తదా?" అని భార్య నవనీత అడిగిన రోజు సంపత్ పొద్దుగూకేదాకా వివరించాడు. చాయ్ మాత్రం రాలేదు.

అక్కడి జనం తీరే వేరు. ఎవరూ ఏదీ చదవరు. పెళ్లిలో కట్నం రాయించినట్టు, నువ్వు నాకు ఒత్తితే నేను నీకు ఒత్తుతా. ఒకడు తన కొత్త చెప్పుల ఫోటో పెడితే వందల బాణాలు. సంపత్ చెమటోడ్చి రాసిన కథకు ఒకటి. కిందటి కథకూ ఒకటే. "నేను రచయితను, ఎవరి గడపా తొక్కను" అని బిగుసుకుని కూర్చున్నాడు గనక, అంతకంటే వచ్చే దారి కూడా లేదు.

ఆ ఒక్కటీ ఒత్తేది ఎవరంటే... కొమురెల్లి.

చిన్నప్పటి దోస్తు. బతికున్నప్పుడు ఒత్తేవాడు, సరే. పోయాక కూడా ఒత్తుతున్నాడు!

మొదటిసారి అది చూసినప్పుడు సంపత్ పట్టపగలే దుకాణం షట్టర్ దించేశాడు. భయమేసింది, నిజమే. కానీ దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గు... సంతోషం. చావు కూడా ఆపలేనంత కమ్మగా రాస్తున్నానా నేను? ఉన్న ఒక్క పాఠకుడూ పోయాడని ఏడ్చినవాడు, పోలేదని తెలిసి లోలోపల మీసం మెలేశాడు.

"నీ కథలు సదువనీకి మనిషి దొరకక దయ్యాన్ని వట్టినవా?" అంది నవనీత.

ఎన్నాళ్ళని దాచుకుంటాడు? ఒకనాడు ఉండబట్టలేక రాసేశాడు. 'నా చచ్చిన దోస్తు ఆత్మ ఆకలితో తిరుగుతోంది, నా కథల నెత్తురు తాగి బతుకుతోంది' అని. అంతే, బాణాల వాన. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఒత్తారు. ఆనక వాళ్ళే మెడ మీద కూర్చున్నారు. రుజువు చూపించు! చూపించకపోతే కిందికి చూసే బాణం ఒత్తుతాం! అది పడిందంటే రాసింది ఎవరికీ కనబడదు, పేరు గంగలో కలిసినట్టే. జన్మకో పేరొచ్చింది, అదీ పోతుందా?

"అమావాస్య నాడు ఆ ఇంటి నుంచే లైవ్ పెడతా" అని ప్రకటించేశాడు. నోరా వీపుకు చేటా అన్నది ఇట్లాంటివాళ్ళను చూసే.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక, బాయి గేటు దగ్గర బండి ఆపి నడిచాడు. ఫోన్లో లైవ్ మొదలైంది.

"మిత్రులారా..." అన్నాడు గుసగుసగా. గొంతు మేకపిల్లలా పలికింది.

ఆఖరి వరస... తుమ్మచెట్లు... ఎండుటాకులు. తన అడుగుల చప్పుడుకు తనే రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

కిటికీలో — వెలుగు.

తలుపుకు తాళం లేదు. దగ్గరగా వేసి ఉంది. చెయ్యి పెట్టాడు... తియ్యలేదు... తొయ్యలేదు...

చేతిలో ఫోన్ టింగుమంది.

కొమురెల్లి మీ లైవ్‌కు బాణం ఒత్తారు — అని పడింది.

అప్పుడే లోపలినుంచి... దగ్గు.

దయ్యాలు దగ్గుతాయని సంపత్ ఏ కథలోనూ రాయలేదు. తెలియకుండానే తలుపు తోసేశాడు. లోపల మంచం పక్కన, నెత్తి మీదుగా తెల్ల దుప్పటి కప్పుకుని ఒక ఆకారం. మొహం మీద నీలం వెలుగు. సంపత్ పెట్టిన కేకను లైవ్ చూసేవాళ్ళు దయ్యం కేకే అనుకున్నారట.

"ఎవల్రా గాడ?... సంపతా? లోపటికి రా బిడ్డా. చెప్పులిడిచి రా."

లింగవ్వ. కొమురెల్లి తల్లి. ముందు వరసలో కూతురింట్లో ఉంటోంది.

"అవ్వా... నువ్వేంది ఈడ?"

"మెల్లగ మాట్లాడు. మల్లేష్ ఇన్నడంటే కంపెనోళ్ళకు చెప్తడు, తాళమేస్తరు. అందుకే బల్బు గూడ ఎయ్య." కొడుకు ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "వాడు వోయిన మూడోనాడు పిట్టకు వెట్టినం గద. నువ్వు రాలే."

రాలేదు. ఆ రోజు సంపత్ దుకాణంలో కూర్చుని గవ్వలో సంతాపం రాసుకుంటున్నాడు.

"కోడికూర వెట్టినం, కల్లు వెట్టినం. ఒక్క కాకి ముట్టలే. 'అత్తను నేను జూసుకుంట' అని అల్లుడు మాటిచ్చిండు, అయినా ముట్టలే. వానికి ఏం కోరిక మిగిలిందో అని పరేషానైనం. పొద్దు నెత్తిమీదికచ్చింది. అప్పుడు నేనన్న, 'కొడుకా, నీ ఫోన్ బందు వెట్ట. నీ మంచం కాడనే ఉంచుత. నువ్వు చేసేది నేను చేస్త' అన్న. అన్ననో లేదో, అచ్చి ముట్టింది."

"వాడు చేసేదంటే?"

"మంచానవడ్డంక వానికి చెయ్యి లేవకపోయేది. 'అవ్వా, సంపత్ బొమ్మ అచ్చినప్పుడల్లా గీ బాణమొత్తు, వానికి నేను దప్ప ఎవ్వలొత్తరు' అనేటోడు. నాకు అక్షరాలు రావు. నీ మొకమైతే ఎర్కే గద."

సంపత్ ఆశ ఇంకా చావలేదు.

"మరి... వాడు మంచిగున్నప్పుడు చదివేటోడా అవ్వా?"

లింగవ్వ ఆలోచించింది. అబద్ధమాడే మనిషి కాదు.

"శురువు జేసేటోడు బిడ్డా. నిద్ర వోయేటోడు."

సంపత్ చేతిలో ఫోన్ మండిపోతోంది. లింగవ్వ గుసగుసలు లైవ్ చూసేవాళ్ళకు సగం సగం వినబడుతున్నట్టున్నాయి. దయ్యం మాట్లాడుతోంది! చూపించు! చూపించు! అని మీద మీద రాస్తున్నారు. ఫోన్ కాస్త పైకెత్తితే చాలు. చీకటి, తెల్ల దుప్పటి, నీలం మొహం. ఇంతకంటే మంచి దయ్యం ఎక్కడా దొరకదు. కానీ చూపిస్తే, రేపు కంపెనీవాళ్ళొచ్చి తాళం వేస్తారు, కరెంటు కోస్తారు. కొడుకుకిచ్చిన మాట పోయి ఆ తల్లి బతికుండగానే చస్తుంది.

"ఈడ ఏం లేదు," అన్నాడు ఫోన్‌తో. "నేనే అబద్ధం రాసిన." లైవ్ కట్టేశాడు. కిందికి చూసే బాణాలు అప్పటికే మొదలయ్యాయి. సంపత్ వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు, అంత ప్రేమ ఆ పేరంటే.

"మావోని మీద ఏందో రాసినవంట గద," అంది లింగవ్వ. "అందరు చెప్పుకుంటున్నరు. జర సదువు, నేనింట."

తెరిచాడు. ఆకలి, ఆత్మ, నెత్తురు... ఆ మాటలు చూస్తుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. గొంతు సవరించుకుని, ఫోన్ చూస్తూనే, అందులో లేని కథ మొదలుపెట్టాడు.

"నాకొక దోస్తుండె, కొమురెల్లి అని. నాకు ఈత రాకపోతే గోదావరిల మెడవట్టి నేర్పిండు. నా కథలు వానికి నచ్చకపోయేది. అయినా ఒక్కదానికి గూడ ఒత్తకుండ ఉండలే... నేను చిన్నవుచ్చుకుంటనని..." మధ్యమధ్యలో తెర మీద వేలు జరుపుతూ చెప్పుకుపోయాడు. లింగవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చివరిదాకా కదలకుండా విన్నది.

"ఇంత మంచిగ రాస్తవా బిడ్డా నువ్వు!" అంది. "మరి మావోనికి నిద్రెట్ల అచ్చేదో..."

కొడుకు ఫోన్ అందుకుని, సంపత్ బొమ్మ వెతికి, బొటనవేలితో గట్టిగా ఒత్తింది.

ఆ కథ సంపత్ ఇప్పటికీ రాయలేదు. తన చేతిలో పడితే పాడవుతుందని భయం.